బొట్టు పెట్టిన ఆరో క్యాసెట్టు

ఆ శుక్రవారం పొద్దున్న పేరమ్మ అనుకున్నవి నాలుగే నాలుగు పనులు. ఏడింటికి మేడమ్‌కు టీ ఇవ్వడం. ఎనిమిదింటికి, ఊరికి వెళ్తున్న సూరిబాబు చేతిలో తన క్యాసెట్టు పెట్టడం. తొమ్మిదింటికి మేడమ్ క్యాసెట్టును లండన్ పార్సిల్లో పెట్టి దారం కట్టడం. ఆ తర్వాత పదిహేను రోజుల్లో తాను విమానమెక్కి, రాజోలు పక్కన ఉన్న తన లంక ఊళ్లో, కూతురి పురిటి మంచం పక్కన కూర్చోవడం. ఈ నాలుగింటిలో టీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

పేరమ్మ దుబాయ్ జుమైరాలో లాంగ్‌స్టాఫ్ అనే పోర్టు ఇంజినీరు దొర ఇంట్లో వంటమనిషి. 1982లో మాట ఇది. ఆమె ఊరు విడిచి అప్పటికి మూడేళ్లు. ఒక్కగానొక్క కూతురు సత్యవేణికి నెలలు నిండుతున్నాయి, తొలి కాన్పు. తల్లి లేకుండా తొలి కాన్పేమిటని ఊళ్లో అందరూ అడుగుతున్నారు. పేరమ్మ తనను తాను అంతకంటే గట్టిగా అడుక్కుంటోంది. సెలవిమ్మంటే మేడమ్ కాదనలేదు. "నా పుస్తకం పూర్తికానీ పేరమ్మా, మర్నాడే నీ టికెట్టు" అంది. అప్పట్నుంచీ పేరమ్మ ప్రాణమంతా ఆ పుస్తకం మీదే ఉంది. అక్షరం ముక్క రాని మనిషి ఒక పుస్తకం కోసం అంతగా కొట్టుకుపోవడం జుమైరాలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

పుస్తకం మేడమ్ చిన్నతనం గురించి. ఆవిడ పుట్టి పెరిగింది ఇంగ్లండులో ఆల్డర్‌కోంబ్ హాల్ అనే పెద్ద జమీందారీ బంగళాలో. లండన్‌లో పుస్తకాలు వేసే కంపెనీ ఒకటి ఆ కథ రాసిమ్మని అడిగింది. అయితే మేడమ్‌కు ఒకచోట కూర్చునే యోగం లేదు. కుర్చీలో పది నిమిషాలుంటే పదకొండో నిమిషానికి కిటికీ దగ్గర, పన్నెండో నిమిషానికి ఫ్రిజ్ దగ్గర తేలేది. ఫ్రిజ్ తలుపు తీసి లోపలికి చూసి, ఏమీ తీసుకోకుండా మూసి, మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చేది. రెండు నెలల్లో రాసింది ఒకటే వాక్యం, అదీ కొట్టేసింది. చివరికి కంపెనీవాళ్లు విసిగిపోయి, "క్యాసెట్టులో చెప్పి పంపండి, మేమే టైపు చేయించుకుంటాం" అన్నారు.

వట్టి యంత్రంతో మాట్లాడటం మేడమ్ వల్ల కాలేదు. ఎదురుగా ఒక మనిషి ఉండాలి. దొరగారు పొద్దున పోతే చీకటిపడ్డాక వస్తాడు. అందుకని రోజూ పదకొండింటికి పేరమ్మ చిక్కుడుకాయల పళ్లెంతో సహా హాల్లో హాజరు కావలసి వచ్చింది. మేడమ్ అటూ ఇటూ నడుస్తూ చెప్పేది, పేరమ్మ ఈనెలు తీస్తూ వినేది. మేడమ్ ఇంగ్లీషు, పేరమ్మ దుబాయ్ హిందీ, మధ్యలో చేతులూ కలిస్తే కథ బాగానే బోధపడేది.

"నూట నాలుగు గదులాండీ! తుడిచేదెవరండీ?"

"మా తాత కాలంలో నలభైమంది ఉండేవారు. యుద్ధం తర్వాత ముగ్గురు మిగిలారు. వానొస్తే కప్పంతా కారేది. ముప్పై ఏడు బకెట్లు పెట్టేవాళ్లం. ఏది నిండిందో చూసి చెప్పడం నా పని."

"మరి అన్నం ఎవరు పెట్టేవారండి?"

"వంటిల్లు ఎక్కడో కింద. నేను మూడో అంతస్తులో ఆయాతో. ట్రే పైకి వచ్చేసరికి చల్లారిపోయేది. బుధవారం బుధవారం టికెట్లు కొనుక్కుని జనం ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు. నేను గంజి తాగుతుంటే గుమ్మంలో నిలబడి చూసేవాళ్లు."

"అయ్యబాబోయ్! దిష్టి తగలదాండీ? మరి మీ అమ్మగారో?"

"సాయంత్రం ఐదింటికి కనిపించేది. అరగంట."

పేరమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "అరగంటేనా? కన్నతల్లేనాండీ?"

మేడమ్ రికార్డరు ఆపేసి, "నువ్వు వినాలి పేరమ్మా, మాట్లాడకూడదు" అనేది. పేరమ్మ "ఆయ్" అనేది. రెండు నిమిషాలకు మళ్లీ అయ్యబాబోయ్ అనేది. మూడో క్యాసెట్టు అందాక లండన్‌వాళ్లు ఒక ఉత్తరం రాశారు. కథ చాలా బాగుంది గానీ మధ్యమధ్య ఒక కేక వినపడుతోంది, ఆ బంగళాలో చిలకను పెంచేవారా అని.

ఆరో క్యాసెట్టు ఆఖరిది. అందులో మేడమ్ కుక్క చచ్చిపోయింది. పేరు కెప్టెన్. ఆ ఇంట్లో ఆ పిల్ల పక్కన పడుకున్నది అదొక్కటే. దాన్ని తోటలో పాతిపెట్టి, మీద పేరు చెక్కిన రాయి నిలబెట్టారట. ఏడవబోతే ఆయా, "ఈ వంశంలో ఎవరూ ఏడవరు" అందట. ఆ మాట చెబుతూ చెబుతూ మేడమ్ నడక ఆపి, గోడకానుకుని, ముప్పై ఐదేళ్లుగా దాచిపెట్టినదంతా ఒక్కసారి భోరుమని ఏడ్చేసింది. చిలక గొంతు వినపడకూడదని పేరమ్మ పమిట చెంగు నోట్లో కుక్కుకుని తానూ ఏడ్చింది. రికార్డరు చక్కగా తిరిగింది. "పేరమ్మా, పుస్తకం అయిపోయింది" అంది మేడమ్ ముక్కు తుడుచుకుంటూ. పేరమ్మ నెత్తిన పాలు పోసినట్టయింది.

ఇక పేరమ్మ క్యాసెట్టు సంగతి. ఆ రోజుల్లో దుబాయ్‌లో ఉన్నవాళ్లకు క్యాసెట్టే ఉత్తరం. రాయడం రానివాళ్లు, రాసినా అవతల చదవడం రానివాళ్లు ఒక క్యాసెట్టు నింపి, ఊరికి వెళ్లేవాడి చేతిలో పెట్టేవారు. అక్కడ ఎవరింట్లో టేప్‌రికార్డరుంటే వాళ్ల అరుగు మీద వాడంతా చేరి వినేది. మేడమ్ దగ్గర ఒకటి మిగిలితే పేరమ్మకిచ్చింది. గురువారం మేడమ్ క్లబ్బుకు వెళ్లిన వేళ పేరమ్మ దాన్ని నింపేసింది. పదిహేను రోజుల్లో వచ్చేస్తున్నానని, బాలింతకు కాయం మందు దంచి ఉంచమని, సత్యవేణిని వంగి బిందె ఎత్తనివ్వద్దని చెప్పింది. మిగతా సగం మేడమ్ కథే. మేడమ్ గొంతు పెట్టి, మేడమ్ నడక నడుస్తూ మరీ చెప్పింది.

శుక్రవారం పొద్దున్న వంటింటి గట్టు మీద రెండు క్యాసెట్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకే రకం. మేడమ్ తన దాని పెట్టె మీద కాగితం అంటించి ఆరు అంకె వేసింది, క్యాసెట్టు మీద ఏమీ రాయలేదు. పేరమ్మ తన క్యాసెట్టును పెట్టెలోంచి తీసి, సముద్రం దాటి క్షేమంగా చేరాలని పసుపు బొట్టు పెట్టింది. పెట్టాక మనసు ఆగలేదు. మేడమ్‌దీ సముద్రం దాటేదే కదా, పైగా తన టికెట్టంతా దాని మీదే ఉంది కదా అని దాన్ని కూడా బయటికి తీసి, ఇంకాస్త పెద్ద బొట్టు పెట్టబోయి, పక్షపాతం ఎందుకని సమానంగానే పెట్టింది. సరిగ్గా అప్పుడు తలుపు దబదబా మోగింది.

"అక్కోయ్! యల్లా, యల్లా! టాక్సీ వోడు హారన్ కొట్టి చంపేత్తన్నాడు!" సూరిబాబు దుబాయ్ నైఫ్ బజారులో మెస్సు నడిపే రావులపాలెం మనిషి. ఎనిమిదింటికి వస్తానన్నవాడు ఏడుంబావుకే వచ్చాడు.

పేరమ్మ గబగబా రెండిటినీ పెట్టెల్లో దూర్చింది. చదువు రాకపోయినా ఆమెకు అంకెలు వచ్చు. ఆరు అంకె ఉన్న పెట్టెను లండన్ పార్సిల్లో పెట్టింది, అంకె లేని పెట్టెను సూరిబాబుకిచ్చింది. సూరిబాబు పెట్టె తెరిచి చూసి, "దీనికి బొట్టెందుకక్కా, పెళ్లిచూపులకెళ్తందా?" అని నవ్వి జేబులో వేసుకున్నాడు. పెట్టెలు రెండూ చేరవలసిన చోటికే చేరాయి. లోపలివే తారుమారయ్యాయి.

ఆ వారమంతా పేరమ్మ కాలు నేల మీద నిలవలేదు. పొద్దున సర్దిన సంచి సాయంత్రం విప్పి మళ్లీ సర్దింది. మనవడో మనవరాలో తేలక రెండు రకాల చొక్కాలు కొంది. పనున్నా లేకపోయినా గడియారం దగ్గరికి వెళ్లి చూసి వచ్చేది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లూ అలా తిరుగుతుంటే దొరగారు భోజనం పళ్లెం పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయేవాడు.

తొమ్మిదో రోజు ఆదివారం లండన్ నుంచి ఫోనొచ్చింది. మేడమ్ చాలాసేపు విని, ఫోను పెట్టేసి, పేరమ్మ వైపు తిరిగింది.

"ఆరో క్యాసెట్టులో ఎవరో ఆడమనిషి ఏదో భాషలో మాట్లాడుతోందట. నవ్వుతోందట. మధ్యలో ఎవరినో వెక్కిరిస్తోందట. 'ఆల్డర్‌కోంబ్' అనే మాట మాత్రం పదకొండుసార్లు స్పష్టంగా వినపడిందట."

పేరమ్మ చేతిలో పని వదిలేసింది. గట్టు, పసుపు, రెండు బొట్లు, టాక్సీ హారను అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. "కొంప మునిగిందండోయ్ అమ్మగారూ! మీది మా ఊరెళ్లిపోయింది!"

మేడమ్ అరవలేదు. ఆల్డర్‌కోంబ్ హాల్లో అరవడం నేర్పలేదు. హాలు ఈ చివర నుంచి ఆ చివరికి ఆరుసార్లు నడిచి, "అది తిరిగొచ్చేదాకా సెలవు లేదు" అంది.

"ఆయ్, అదెప్పుడొత్తాదండీ! మావాడు తిరిగొచ్చేది మూడు నెలలకండి. మళ్లీ చెప్పేయండి. నేనిక్కడే కూర్చుంటాను, నోరిప్పితే ఒట్టు."

అదే మంచిదనుకున్నారు. మధ్యలో ఎవరూ విసిగించకుండా ఫోను కూడా తీసి పక్కన పెట్టారు. సోమవారమంతా మేడమ్ కుక్కను చంపింది. మంగళవారమంతా చంపింది. కన్నీటి చుక్క రాలేదు. కుక్క చచ్చిన సంగతి ఆవిడ నోట రైలు వేళలు చదివినట్టు వస్తోంది. పేరమ్మకు ఒళ్లు మండిపోయింది. అక్కడ కూతురికి నొప్పులు ఎప్పుడు మొదలవుతాయో తెలియదు, ఇక్కడ ఈవిడకు ఏడుపు రాదు! వంటింట్లోంచి నాలుగు ఉల్లిపాయలు తెచ్చి మేడమ్ కాళ్ల దగ్గరే కూర్చుని సన్నగా తరిగింది. తరిగిన మనిషికే నీళ్లొచ్చాయి.

ఇక్కడ ఇలా ఉండగా, అసలు ముప్పు ఊళ్లో ఎప్పుడో మొదలైంది. అంతకు ముందు గురువారమే సూరిబాబు పేరమ్మ ఇంటికి వెళ్లి, తను తెచ్చుకున్న టేప్‌రికార్డరు అరుగు మీద పెట్టి, క్యాసెట్టు అందులో వేసి, దుబాయ్ నుంచి అని మాత్రం చెప్పి, వేరే ఊళ్లలో ఇవ్వాల్సినవి ఉన్నాయని వెళ్లిపోయాడు. వాడంతా చేరింది. సత్యవేణి పొట్ట మీద చెయ్యేసుకుని అందరికంటే ముందు కూర్చుంది. మీట నొక్కగానే అమ్మ గొంతుకు బదులు ఒక దొరసాని ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇంగ్లీషు వచ్చినవాడు ఆ వాడలో ఒక్కడే ఉన్నాడు. సత్యవేణి మామగారు మంగరాజు, కాకినాడ రేవులో పాతికేళ్లు గుమాస్తాగా చేసిన మనిషి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, చెవి పెట్టె దగ్గర పెట్టి విన్నాడు. దొరసాని యాసలో ఆయనకు పదికి ఒక మాట అందింది. అందినవి మాత్రం సరిగ్గానే అందాయి.

"'పోయింది' అంటంది" అన్నాడు. "'పాతిపెట్టడం' అంటంది. 'రాయి పెట్టడం' అంటంది. 'నాకు ఇంకెవరున్నారు' అంటంది."

అంతలో పెట్టెలోంచి దొరసాని భోరుమంది. దానికిక తర్జుమా అక్కర్లేకపోయింది. పేరమ్మ క్యాసెట్టులో పేరమ్మ మాట్లాడకుండా ఆవిడ యజమానురాలు గుక్కపట్టి ఏడుస్తుంటే ఏమని అర్థం? పేరమ్మ భర్త కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరో ఇంకొక్కసారి వినిపించమన్నారు. మంగరాజు క్యాసెట్టును కాస్త వెనక్కి తిప్పి, కంగారులో నల్లమీటతో పాటు పక్కనున్న ఎర్రమీట కూడా కలిపి నొక్కాడు. ఈసారి ఏ మాటా వినపడలేదు. "అంతే, అయిపోయింది" అన్నాడాయన. ఆ మాటతో నలభైమంది ఆడవాళ్లు ఒక్కసారి గొల్లుమన్నారు. వాళ్ల మధ్యలో క్యాసెట్టు మాత్రం చక్కగా తిరుగుతూనే ఉంది.

ఏడవనిది సత్యవేణి ఒక్కతే. "మా అమ్మ నాకు చెప్పకుండా సచ్చిపోదు" అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ల బాధంతా పాతిపెట్టడం గురించి. ఇంటా వంటా లేని ఆచారం, ఎడారి ఇసకలో పూడ్చేస్తారట, చితి కూడా లేకుండా! మర్నాడు పొద్దున్నే మంగరాజు రాజోలు వెళ్లి దొరగారి కంపెనీ పోస్టుబాక్సుకు ఇంగ్లీషులో తంతి కొట్టించాడు: "డోంట్ బరీ పేరమ్మ. సెండ్ బాడీ. మంగరాజు."

ఆ తంతి సోమవారం కంపెనీలో బుడేన్ సాహెబ్ బల్ల మీదికి వచ్చింది. బుడేన్ సాహెబ్ నిజామాబాదు వైపు మనిషి. పాస్‌పోర్టులు, వీసాలు, టికెట్లు ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. పరాయి దేశంలో పోయినవాళ్ల శవాలు నెలల తరబడి కదలకపోవడం ఆయన కళ్లారా చూశాడు. ఆ పాపం తన కంపెనీలో జరగకూడదని ఆయన పంతం. రేవు పనిలో ఉన్న దొరగారిని ఈ మాట అడగడానికి మనసొప్పక, ముందు విల్లాకు ఫోను చేశాడు. ఎన్నిసార్లు చేసినా ఎంగేజే. ఇల్లంతా శోకంలో ఉంది, ఫోనెత్తే దిక్కు కూడా లేదనుకుని కళ్లు తుడుచుకుని పనిలో దిగాడు. ముదీర్ అంటే పెద్ద మేనేజరు, ఆయన సంతకం సంపాదించాడు, వీసా రద్దు చేయించాడు, శుక్రవారం విమానంలో సామాన్ల వైపు చోటు పట్టాడు. అల్ కుసైస్ కూలీల క్యాంపులో ఉండే వడ్రంగి పోచన్నకు పెట్టె పురమాయించాడు. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఇంత వేగంగా ఏ పనీ తెమల్చలేదని తనకు తానే మెచ్చుకున్నాడు.

బుధవారం పదకొండింటికి విల్లా తలుపు మోగింది. పేరమ్మ గరిటెతో వచ్చి తీసింది. గుమ్మంలో టోపీ తీసి చేతిలో పట్టుకున్న బుడేన్ సాహెబ్, వెనక ఒక కొత్త ప్లైవుడ్ పెట్టె, దాని వెనక పోచన్న.

"సలాం అలేకుం అమ్మా" అన్నాడు బుడేన్ సాహెబ్ గొంతు తగ్గించి. ఆయన పేరమ్మను పాస్‌పోర్టు ఫొటోలో తప్ప చూసి ఎరగడు. "జర సబర్ చెయ్యాలె. అందరం పోయేటోళ్లమే. బాడీ ఏ కమ్రాలున్నది?"

"ఏ బాడీ అండీ?"

"గదే, పేరమ్మది."

పేరమ్మ ఒకసారి తన వంక చూసుకుంది. "ఇదిగో, ఇదేనండి. వంట చేత్తంది."

బుడేన్ సాహెబ్ తీసిన టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. పోచన్న మాత్రం ఆమెను పైనుంచి కిందికి చూసి నొచ్చుకున్నాడు. "ఏంది సాబ్, గీ అక్క ఐదడుగులు సుత లేదు. నువ్వు ఆరడుగులంటే గట్లనే చేసిన గద! మంచి చెక్క వేస్టు చేపిస్తివి."

"అరె చుప్! అమ్మా, నువ్వు... పక్కా పేరమ్మవేనా?"

"కాపోతే ఎవరినండీ? ఎవరు పంపేరు మిమ్మల్ని?"

బుడేన్ సాహెబ్ జేబులోంచి తంతి తీసి చదివి అర్థం చెప్పాడు. మంగరాజు పేరు వినగానే పేరమ్మకు అంతా తెలిసిపోయింది. ఏ క్యాసెట్టు విన్నారో, అందులో ఎవరు ఏడ్చారో, అరుగు మీద ముందు వరుసలో ఎవరు కూర్చుని ఉంటారో! గరిటె కింద పడిపోయింది. "ఓలమ్మో! నిండు చూలాలండీ! నేను చచ్చిపోయాననుకుంటందండీ నా కూతురు! దానికేమైనా అయితే ఈ ఉసురు ఎవరికండీ!" అని గుమ్మంలోనే కూలబడి పెద్దగా ఏడ్చేసింది. ఆ ఏడుపుకు మేడమ్ పరుగెత్తుకొచ్చి, పెట్టెను చూసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

బుడేన్ సాహెబ్ అప్పటికప్పుడు తిరుగు తంతి రాశాడు: "పేరమ్మ అలైవ్. కమింగ్ సండే." తర్వాత మేడమ్ వైపు తిరిగి, తప్పు చేసినవాడి మొహంతో చెప్పాడు. "మేడమ్, ఒక్క ముచ్చట. వీసా ఖలాస్. కాయితాలల్ల ఈమె ఇప్పుడు లేదు. శుక్రవారం దేశం దాటాలె. మల్ల కొత్త వీసా రావాలంటే మూడు నెలలు. నేను చేసిందే గని నాతోని వాపస్ కాదు."

పేరమ్మ ఏడుపు మధ్యలో ఆపేసింది. "అంటే... నేను ఊరెళ్లిపోవాలాండి?"

"వెళ్లాల్సిందే."

"కుక్క ఏడుపు అవకపోయినా?"

"ఏం కుక్క?" అన్నాడు బుడేన్ సాహెబ్.

మేడమ్ ఇవ్వనన్న సెలవును సర్కారే ఇచ్చేసింది. ఆవిడ హాల్లో ఆ చివర దాకా నడిచి, తిరిగొచ్చి, ఆ ఇంట్లో కాపురం పెట్టాక మొదటిసారి తానే ఒక చోట కూర్చుంది. పేరమ్మను ఎదురుగా కూర్చోమంది.

"నీ క్యాసెట్టులో నా గురించి ఏం చెప్పావు? నన్ను వెక్కిరించావట."

ఎలాగూ వెళ్లిపోతున్నాను కదా, దాచేదేమిటి అనుకుంది పేరమ్మ. "మీ నడక నడిచి చూపించానండి, అది నిజం. అయితే మా అమ్మితో ఒక మాట చెప్పానండి. నూట నాలుగు గదుల ఇంట్లో ఒక్క ముద్ద వేడన్నం దొరకలేదే ఆ పిల్లకి, అన్నాను. అన్నం కలిపి నోట్లో పెట్టిన చెయ్యి లేదే, అన్నాను. అందుకేనే ఆవిడ ఇప్పటికీ ఇల్లంతా అలా తిరుగుతాది, ఎవరో పిలుత్తారని, అన్నాను. నీ బిడ్డని మాత్రం నా ఒళ్లోంచి దింపనే, అన్నాను."

మేడమ్ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. మొదటిసారికంటే ఎక్కువ ఏడ్చింది. పేరమ్మ లేచి వెళ్లి ఆవిడ తల తన పొట్టకు ఆనించుకుని నిమిరింది. తర్వాత పప్పన్నం కలిపి నాలుగు ముద్దలు పెట్టింది. తినడం అయ్యాక ఇద్దరూ ఒకేసారి రికార్డరు వైపు చూశారు. అది ఆన్ చేసి లేదు.

గురువారం పోచన్న వచ్చి, చెక్క వృథా పోకూడదని పెట్టెను సగానికి కోసి, సామాను పెట్టెగా మార్చి ఇచ్చాడు. మూత మీద ఎర్రరంగుతో పెద్ద అక్షరాల్లో రాసిన పేరమ్మ పేరు మాత్రం అలాగే వదిలేశాడు. "మంచిగ రాసిన అక్కా, గీకుడెందుకు, సామాన్ ఎవలిదో ఎరుకైతది" అన్నాడు. మేడమ్ అందులో కంబళి, పాలపొడి డబ్బాలు, పసిపిల్లకు తెల్ల ఉన్ని దుప్పటి స్వయంగా సర్దింది. వీడ్కోలప్పుడు "నా కుక్కను జాగ్రత్తగా పంపించు" అని మాత్రం అంది.

తిరుగు తంతి ఊరికి శనివారం చేరింది. మంగరాజు పైకి చదివి, ఆదివారం వస్తున్నట్టు రాశారని చెప్పాడు. మరి ఆ 'అలైవ్' ఏమిటని సత్యవేణి అడిగింది. "అది దొరలు పోయినోళ్లకి మర్యాదగా వేసే మాటమ్మా, మన స్వర్గస్థులు లాంటిది" అన్నాడాయన. పాతికేళ్ల ఇంగ్లీషు, నలుగురి ముందు వెనక్కి తీసుకోవడం ఆయన వల్ల కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం వంతెన దిగి ఒక మెటాడోర్ వ్యాను ఊళ్లోకి వచ్చింది. పైన తాళ్లతో కట్టిన చెక్కపెట్టె, దాని మీద ఎర్ర అక్షరాలు. మంగరాజు కళ్లద్దాలు సర్దుకుని ఆ పేరు కూడబలుక్కుని చదివాడు. అంతే, పాడె వెదుళ్ల దగ్గర కూర్చున్న జనమంతా గొల్లుమని వ్యాను చుట్టూ మూగారు. పెట్టె అంత పొట్టిగా ఉందేమిటని ఎవరో వెక్కుతూ అడిగారు. ముందు సీట్లో కూర్చున్న మనిషిని ఎవరూ చూడలేదు. తలుపు తెరుచుకుని దిగడానికి కూడా ఆమెకు సందు దొరకలేదు.

"జరగండి, జరగండి! ఎవరు పోయారర్రా?" అంది పేరమ్మ.

సగంమంది వెనక్కి పరుగెత్తారు. సత్యవేణి ఒక్కతే ముందుకొచ్చింది. తల్లి భుజాల మీద రెండు గుద్దులు గుద్ది, "చెప్పానా! మా అమ్మ నాకు చెప్పకుండా పోదని చెప్పానా!" అని మెడ చుట్టేసుకుని, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఏడ్చేసింది. ఏడుస్తూ ఏడుస్తూనే "అమ్మా, నొప్పి" అంది. పాడె కోసం తెచ్చిన వెదుళ్లను పక్కకు తన్నేసి, శవస్నానానికని నీళ్లు కాచిన కాగునే పురిటికి వాడారు. పొద్దు వాలేసరికి ఆడపిల్ల పుట్టింది. పేరమ్మ ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని, అరగంట దాటిందేమో చూసి, అయినా దింపలేదు.

మేడమ్ క్యాసెట్టు పేరమ్మ ఫొటో ముందు దీపం పక్కన, దండ వేసి ఉంది. బొట్టు మీద ఇంకో నాలుగు బొట్లు పడ్డాయి. పేరమ్మ దండ తీసి, తుడిచి, వారం తిరక్కుండానే దుబాయ్ వెళ్తున్న ఒక మనిషి చేతికిచ్చి పంపింది. పంపేముందు వినాలని ఎవరికీ తోచలేదు. మేడమ్ కూడా, ఆ ఏడుపు మళ్లీ వినే ధైర్యం లేక, పెట్టె విప్పకుండానే లండన్‌కు పంపేసింది.

నెల తిరిగాక లండన్ నుంచి మేడమ్‌కు తంతి వచ్చింది. ఆఖరి ప్రకరణం అద్భుతంగా ఉందని, అయితే ఒక్క కుక్క కోసం ఆల్డర్‌కోంబ్ హాల్లో నలభైమంది ఆడవాళ్లు గుండెలు బాదుకుని ఏడ్చారన్నది పాఠకులు నమ్ముతారో లేదోనని అందులో ఉంది.